సలహాదారు ధర్మసూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: చిరువ్యాపార సలహాదారులు నీతిని, స్థానిక సంస్కృతిని ఎరిగి మెలగవలెను.

అవతారిక. శిక్షణ తరగతిలో తెరమీద పడే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. సర్కారు వాఙ్మయం వేదంలాగే అపౌరుషేయం. ఢిల్లీ ప్రతుల్లో ‘స్థానిక’ అన్న పదం కనబడదని పాఠభేదం చెప్పేవారున్నారు. మెదకు సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. ఆయనకు వ్యాఖ్యానించడానికి కాళిదాసు దొరికాడు, నియమం చెల్లింది. మనకు దొరికింది సర్క్యులర్ కనుక కొంత వెసులుబాటు తప్పదు.

టీక. చిరువ్యాపార = చిన్న వ్యాపారాల యొక్క. ఎంత చిన్న? 2025 ఏప్రిల్ నుంచి అమలైన కొలత ప్రకారం యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లు దాటనిది సూక్ష్మం. అంటే తోపుడుబండి మీద మిరపకాయ బజ్జీలు వేసే ఆవిడా, తొమ్మిది కోట్ల టర్నోవరున్న మిల్లు యజమానీ ఒకే గదిలో కూర్చుంటారు. కుర్చీ ఎవరికి, బెంచీ ఎవరికి అన్నది మూలం చెప్పదు.

సలహాదారులు = పరిశ్రమల కేంద్రం అధికారి, బ్యాంకు ఫీల్డాఫీసరు, ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టే కన్సల్టెంటు, ఆడిటరు గారి గుమాస్తా, వ్యాపారం పెట్టేవాడి బావమరిది. శిక్షణకు పిలుపు మొదటివారికి. ఊరు నమ్మేది చివరివాణ్ణి.

నీతిని = తెలిసినది దాచకపోవడాన్ని. ఇక్కడ కొంచెం ఆగాలి. 2020 జులై 1 నుంచి వచ్చిన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. కాగితాలేవీ అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు. అయినా దానికి ‘ఫీజు’ కట్టిన దుకాణదారులు ప్రతి బజారులో కనిపిస్తారు. అది చిల్లర అపచారం. అసలుది సబ్సిడీ దగ్గర ఉంది. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సబ్సిడీ లబ్ధిదారు చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్టుగా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక అప్పుకు జమ అవుతుంది. ‘ముప్పై అయిదు శాతం ఫ్రీ సార్’ అన్న నోరు ఈ మూడేళ్ల మాట ఎత్తదు. అప్పు మంజూరైతేనే పర్సెంటేజీ వచ్చేవాడు ‘ఈ వీధిలో ఇప్పటికే మూడు జిరాక్సు షాపులున్నాయి, నువ్వు పెట్టకు’ అని ఎందుకంటాడు? మూలకారుడు ఈ సంగతి స్పృశించలేదు.

స్థానిక సంస్కృతిని = బోణీ కాకముందు లెక్కలు అడగకపోవడం, ఆషాఢంలో ప్రారంభోత్సవం పెట్టమనకపోవడం, మూఢం అడ్డొచ్చిందంటే నవ్వకపోవడం. చిత్తూరు వైపు వెళ్లినవాడు మరింత జాగ్రత్తగా ఉండాలి: తెలుగు వ్యాపారి వదిలిపెట్టే అమావాస్యే తమిళ వ్యాపారికి మంచిరోజు. ఇవన్నీ సలహాదారు గౌరవించదగినవే. మంజూరైన అప్పు మీద వడ్డీకి మాత్రం మూఢం లేదని ఓ ముక్క చెప్పి గౌరవించాలి.

ఈ నమ్మకాలే వ్యాపారాన్ని ఎదగనీయవని ఒక పూర్వపక్షం. 1964లో హార్వర్డు మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇచ్చి చూశాడు. సంప్రదాయ విశ్వాసాలు వ్యాపారికి సంకెళ్లు కావని తేలింది. ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. కనుక పూర్వపక్షం 60 ఏళ్ల కిందటే ఓడిపోయింది, కబురు ఇంకా అందరికీ చేరలేదు.

పథకాలకూ సంస్కృతి ఉంటుందని ఇక్కడే గమనించాలి. పైన చెప్పిన ఉపాధి పథకంలో నిబంధనలు సవరించేదాకా మాంసాహారం వడ్డించే ధాబాకు చోటు లేదు. నాటుకోడి పులుసు పెట్టే ఊళ్లో కూచుని శాకాహార రిపోర్టు రాయడమే అప్పటి స్థానిక జ్ఞానం.

శంక. నీతి, సంస్కృతి పక్కపక్కన ఉన్నాయి సరే. అవి పోట్లాడుకుంటే?

పోట్లాట చాయ్ గ్లాసు దగ్గరే మొదలవుతుంది. లబ్ధిదారు దగ్గర ఏమీ పుచ్చుకోరాదని నీతి పాఠం. ఇచ్చినది కాదనరాదని సంస్కృతి పాఠం. రెండూ శ్రద్ధగా రాసుకున్న సలహాదారు చెప్పుల దుకాణానికి వెళ్లాడనుకోండి. పెద్దాయన చాయ్ తెప్పించాడు. ‘వద్దండీ, మాకు రూలు’ అన్నాడు ఇతను. రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్లో ఆ వద్దుకు ఒకటే అర్థం. నీతి పేరుతో వద్దన్నాడో, కులం పేరుతో వద్దన్నాడో అవతలి మనిషికి ఎలా తెలుస్తుంది? అదే సలహాదారు మధ్యాహ్నం మిల్లు యజమాని ఇంట్లో మజ్జిగ తాగితే, పొద్దుటి రూలు ఏమిటో ఊరికి తెలిసిపోతుంది. సిద్ధాంతం: చాయ్ తాగాలి, అందరి దగ్గరా తాగాలి. కుదిరితే మరుసటిసారి తానే తెప్పించాలి. దీపావళికి వచ్చే స్వీటు డబ్బా కింద కవరుంటే మాత్రం అది చాయ్ జాతిలోకి రాదు.

రెండో పోట్లాట సంతకం దగ్గర. అదే పథకంలో, పల్లెలో యూనిట్ పెడితే జనరల్ కేటగిరీ మగవాడికి సబ్సిడీ 25 శాతం, ఆడవారికి 35. ఆ పది శాతం కోసం దరఖాస్తు భార్య పేరున వెళుతుంది. సలహాదారు ఆమెను అడుగుతాడు, ఆయన జవాబిస్తాడు. ‘దానికేం తెలుసు సార్, నేనే చూసుకుంటా.’ మన ఇళ్లల్లో అంతే కదా అని సలహాదారు కలం ఆయన వైపు తిప్పుతాడు. సంస్కృతి మీద ఇంత శ్రద్ధ అతనికి మరెక్కడా పుట్టదు. రేపు వాయిదాలు తప్పితే నోటీసు ఆమె పేరున వస్తుంది, సిబిల్ స్కోరు ఆమెది పడిపోతుంది, మళ్లీ అప్పు పుట్టనిది ఆమెకే. ఇక్కడ సంస్కృతిని బయట అరుగు మీద కూచోబెట్టి, అప్పెంత, వాయిదా ఎంత, ఎన్నేళ్లు అన్నది ఆమె నోటితో చెప్పించాకే సంతకం పెట్టించాలి. డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసిన మనిషైతే సలహాదారుకే వడ్డీ లెక్క దిద్దిపెడుతుంది.

చాయ్ దగ్గర సంస్కృతి గెలవడమేమిటి, సంతకం దగ్గర ఓడడమేమిటి, ఇదేం న్యాయం అంటారా? నష్టం ఎవరి తలమీద పడుతుందో చూడండి. చాయ్ కాదంటే చిన్నబోయేది పెద్దాయన. కలం భర్తకిస్తే మునిగేది భార్య. రెండు చోట్లా సలహాదారుకు పోయేదేమీ లేదు, అందుకే అతనికి రూలు అడ్డు పెట్టుకోవడం సులువు.

ఎరిగి = తెలుసుకొని. మెలగవలెను = విధ్యర్థకం. మెలగకపోతే ఏమవుతుందో మూలం చెప్పలేదు. ఫిర్యాదు చెయ్యవలసిన నంబరైనా ఇవ్వలేదు.

మూలంలో రెండో వాక్యం కూడా ఉంది: ‘శిక్షణకు వచ్చినవారు హాజరుపట్టీలో సంతకం చేసి ధ్రువపత్రం తీసుకొనవలెను.’ స్పష్టం.