బానెట్ కింద వేరే నంబరు

మా జీపు ఆర్సీలో రాసి ఉన్న ఇంజన్ నంబరు ఒకటి, బానెట్ ఎత్తితే కనిపించే నంబరు ఇంకొకటి. ఈ తేడా తెచ్చింది నేనే. ఎవరో మోసం చేస్తే జరిగినది కాదు. తెలిసి, డబ్బు పోసి, ముచ్చటపడి చేయించుకున్నాను.

బండి మహీంద్రా ఎంఎం 540, నాన్న కొన్నది. అందులో ఉన్నది 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్, టర్బో లేనిది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కుతుంటే వెనకాల బస్సులు హారన్ కొడుతూ ఉండేవి. ఆ ఇంజన్ దింపించి, తుక్కుకు పోయిన బొలెరోలోంచి తీసిన 2523 సీసీ డీఐ టర్బో ఇంజన్ ఎక్కించాను. షెడ్డులో నేను అడిగినవన్నీ మౌంటింగుల గురించి, రేడియేటరు గురించి, టర్బోకి ఆయిల్ పైపు ఎటునుంచి తేవాలన్న దాని గురించి. కాగితాల మాట ఎత్తితే, "తర్వాత ఎక్కించుకోవచ్చు సార్, అందరూ అంతే" అన్నారు. నాకు కావలసిన జవాబు అదే కాబట్టి నమ్మేశాను. పాత ఇంజన్ని అక్కడే ఇనుము లెక్కన తూకానికి ఇచ్చేశాను. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ పనే.

నమ్మకానికి ఆధారాలు కూడా నేనే పోగేసుకున్నాను. థర్డ్ పార్టీ ప్రీమియంలో 1500 సీసీ దాటిన సొంత కార్లన్నీ ఒకే తరగతి, కాబట్టి ఇన్సూరెన్సుకు ఇబ్బంది లేదనుకున్నాను. పొల్యూషన్ సర్టిఫికెట్టూ వచ్చింది. ఆ పరీక్ష పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తుంది, ఏ ఇంజన్ పొగో అడగదు. కానీ పాలసీలో ఉన్న బండి వేరు, నేను రోడ్డు మీద తిప్పుతున్న బండి వేరు. ఏదైనా జరిగి సొంత నష్టానికి క్లెయిమ్ పెడితే, ముందే చెప్పని మార్పును చూపించి కంపెనీ కాదనగలదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరిగే బండి అది.

చట్టం దాచిపెట్టిన సంగతేమీ కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీ వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. గ్యాస్, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి కిట్టు పెట్టుకోవడానికి షరతులతో వెసులుబాటు ఉంది. టర్బో మోజుకు లేదు. కేరళ నుంచి వెళ్లిన జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది. ఆ తీర్పు వార్త నేను అప్పుడే చదివాను. బండి అంటే ఇష్టం లేనివాళ్లు రాసిన తీర్పు అనుకుని పక్కన పెట్టాను.

పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. అలా తీసుకెళ్లినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఛాసిస్ నంబరు సరిచూసి, తర్వాత ఇంజన్ నంబరు దగ్గర ఆగిపోయారు. ఇంజన్ కొన్న బిల్లు అడిగారు. నా దగ్గర ఉన్నది ఒక చీటీ. ఆ ఇంజన్ వచ్చిన బొలెరో ఎవరిదో, దాని ఆర్సీ రద్దయిందో లేదో నాకు తెలియదు. దొంగబండిదని ఎవరైనా అంటే, కాదని నేను చూపించలేను. ఆయన గొంతు పెంచలేదు. వంగి చక్రాల వైపు చూసి, "బ్రేకులు ఏం మార్చారండీ?" అని అడిగారు.

ఏమీ మార్చలేదు. నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ములే. పాత గేర్‌బాక్సు, పాత కమాన్ కట్టలు, పాత స్టీరింగు. ఘాటు ఎక్కడం గురించే ఆలోచించాను, దిగడం గురించి ఆలోచించలేదు. వేగం రెట్టింపయితే ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుందని హైస్కూల్లో చదువుకున్నవాణ్ణే. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఎదురొచ్చే మోటారు సైకిళ్ల మధ్య ఆ బండి దింపాను. అనుమతి ముందే అడిగి ఉంటే ఈ ప్రశ్న ఇంజన్ ఎక్కించకముందే ఎదురయ్యేది.

ఇప్పుడు అదే రకం ప్యూజో ఇంజన్, సరైన కాగితాలతో, వెతుకుతున్నాను. ఈసారి ముందు రవాణా శాఖకు రాతపూర్వకంగా దరఖాస్తు, తర్వాతే షెడ్డు.

ఈ చట్టం మీద నా కోపమంతా పోయిందనను. న్యూజిలాండ్‌లో ఇలాంటి మార్పులు చేసిన బండ్లకు ప్రత్యేక తనిఖీ పద్ధతి ఉంది. అందుకోసమే నియమితుడైన సర్టిఫయర్ బండినంతా పరీక్షించి, సరిగా ఉంటే చేసిన మార్పుల వివరాలు చెక్కిన ప్లేటును బండికి బిగించే ఏర్పాటు చేస్తాడు. ఇంజన్‌తో పాటు బ్రేకులూ అతను చూస్తాడు. పాత బండిని ప్రేమించేవాడికి అలాంటి దారి మన దగ్గరా ఉండాలి, ఉండాలని అడుగుతాను కూడా. కానీ ఆ తనిఖీకి తీసుకెళ్లినా, ఆ డ్రమ్ములతో మా జీపు తప్పేది. తప్పించడమే న్యాయం.