రీమేక్ ట్రైలర్ ముందు ఓ హెచ్చరిక వేయించండి: సెన్సార్ బోర్డుకు బహిరంగ లేఖ

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ బోర్డు అధ్యక్షులవారి దివ్యసముఖమునకు,

టికెట్ కొని సినిమా చూసే అలవాటు ఇంకా మానుకోని ఒక తెలుగు ప్రేక్షకుడు సవినయంగా సమర్పించుకుంటున్న అర్జీ ఏమనగా:

సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించినప్పుడు యు/ఎ సర్టిఫికెట్‌ను 7 ఏళ్ళు, 13 ఏళ్ళు, 16 ఏళ్ళు అంటూ మూడుగా విడదీశారు. పసిమనసుల మీద అంత శ్రద్ధ పెట్టారు గానీ, ప్రాణంగా చూసుకున్న సినిమాకి రీమేక్ ట్రైలర్ వచ్చిందని అన్నం మానేసే 35 ఏళ్ళ అభిమాని ఊసు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. అర్జీదారు మనసు నొచ్చుకున్నది అక్కడే.

ట్రైలర్ రాక ఎంత హడావిడో బోర్డు వారికి తెలియకపోవచ్చు. ట్రైలర్ ఎప్పుడొస్తుందో చెప్పే పోస్టర్ ముందుగా వస్తుంది. అందులో ముహూర్తం సాయంత్రం 4 గంటల 5 నిమిషాలు. అది వచ్చేసరికి ఆరున్నర. ఆరూ నలభైకల్లా పాత సినిమా షాటునీ కొత్త సినిమా షాటునీ పక్కపక్కన అతికించిన వీడియో తయారు. హీరో విగ్గు మీద ఒకరు పడతారు, బీజీఎం మీద ఒకరు, విలన్ యాస మీద ఇంకొకరు. ‘సోల్ మిస్సయింది’ అని తీర్పు చెప్పేవాడు సినిమా మొత్తం రెండుసార్లు చూసొచ్చినంత ధీమాగా చెబుతాడు. ఎదుటి హీరో అభిమాని అప్పటికే మీమ్స్ సిద్ధం చేసుకుని కూర్చుంటాడు. అందరిలోకీ కష్టం సొంత హీరో అభిమానిది. బయటికి సమర్థించాలి, లోపల ఏడవాలి.

థియేటర్లో వేసే ట్రైలర్‌కు బోర్డు వారి సర్టిఫికెట్ కావాలి. ఫోన్లో వచ్చేదానికి అక్కర్లేదు. గొడవంతా ఆ రెండో చోటే జరుగుతోంది మరి.

అసలు అభిమానికి రీమేకంటేనే పడదని నిర్మాతలు బోర్డు వారికి చెప్పి ఉంటే, అది పచ్చి అబద్ధం. 2021 మార్చిలో పవన్ కల్యాణ్ ‘వకీల్ సాబ్’ ట్రైలర్‌ను థియేటర్లలో వేసినప్పుడు విశాఖలో అభిమానుల తోపులాటకు ఒక హాలు అద్దాల తలుపులు బద్దలయ్యాయి. అది ‘పింక్’ రీమేకని అక్కడ తెలియనివాడు లేడు. అవే అభిమానులు 2022 డిసెంబరులో, అదే పవన్ కల్యాణ్ తమిళ ‘తెరి’ని రీమేక్ చేస్తాడన్న మాట గుప్పుమనగానే, మాకొద్దంటూ హ్యాష్‌ట్యాగ్ ఎత్తుకున్నారు. అప్పటికి ట్రైలర్ కాదు కదా, షూటింగే లేదు. ‘పింక్’ మన మాస్ ప్రేక్షకుడికి అంతగా పరిచయం లేని హిందీ కోర్టు కథ. ‘తెరి’ అలా కాదు, 2016లోనే ‘పోలీసోడు’ పేరుతో తెలుగులో విడుదలై, ఆ తర్వాత టీవీల్లోనూ ఫోన్లలోనూ అరిగిపోయింది. తెలుగు మాటలతో ఒకసారి చూసిన కథనే మళ్ళీ తెలుగులో తీస్తామంటే అభిమానికి మండింది. హీరో మీద కోపం కాదది, తనను ఏమీ తెలియనివాడిగా లెక్కేశారన్న కోపం.

ఈ సంగతికి పాత సాక్ష్యం కూడా ఉంది. 1973లో హిందీలో అమితాబ్ ‘జంజీర్’ వచ్చింది. మరుసటి ఏడాదే ఎన్.టి.రామారావు దాన్ని ‘నిప్పులాంటి మనిషి’గా చేశారు. ప్రాణ్ వేసిన పఠాన్ పాత్రను కైకాల సత్యనారాయణ వేశారు, సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ‘దీవార్’ 1976లో ‘మగాడు’ అయింది, ‘డాన్’ 1979లో ‘యుగంధర్’ అయింది. హిందీ రాని ఊళ్ళకు ఆ కథల్ని మోసుకొచ్చినందుకు జనం ఎన్.టి.ఆర్‌కు రుణపడ్డారే గానీ అమితాబ్‌తో పోల్చి చూడలేదు. పోల్చడానికి వాళ్ళ దగ్గర అమితాబ్ లేడు. అదే ‘జంజీర్’ను 2013లో రామ్‌చరణ్‌తో హిందీలో మళ్ళీ తీసి, తెలుగులో ‘తుఫాన్’ పేరుతో విడుదల చేశారు. సత్యనారాయణ చేసిన పాత్ర ఈసారి తెలుగులో శ్రీహరికి వచ్చింది. ప్రేక్షకుడు ఈలోగా అమితాబ్ పోలీస్ స్టేషన్లో కుర్చీని తన్నే సీను కంఠతా పట్టేసి ఉన్నాడు. సినిమా నిలవలేదు. 1974కీ 2013కీ మధ్య మారింది ప్రేక్షకుడే. ఇవాళ ట్రైలర్ వచ్చేసరికే అతను జవాబుల కీ చేతిలో పెట్టుకుని పేపర్లు దిద్దడానికి కూర్చుంటున్నాడు.

తెలిసిన కథనైనా మళ్ళీ చూడడా అంటే, చూస్తాడు. హిందీ ‘దబంగ్’ వచ్చి రెండేళ్ళు తిరక్కుండానే 2012లో దాని రీమేక్ ‘గబ్బర్ సింగ్’ వచ్చింది. దర్శకుడు హరీశ్ శంకర్ పోలీస్ స్టేషన్లో రౌడీల చేత అంత్యాక్షరి ఆడించాడు. ‘దబంగ్’లో ఆ సీను లేదు. మక్కికి మక్కి దించకుండా ఒక్క చోట సొంత బుర్ర వాడినా ప్రేక్షకుడు మిగతాదంతా మాఫీ చేసేస్తాడు.

అలాగని అభిమాని ఎప్పుడూ రైటేనని అర్జీదారు వాదించడం లేదు. ఆ మాటకొస్తే అభిమాని తప్పిన కేసుల్లో అన్నిటికన్నా పెద్దది ‘శ్రీరామరాజ్యం’. 1963 నాటి ‘లవకుశ’ను బాపు మళ్ళీ తీస్తున్నారని, సీత నయనతార అని తెలియగానే రాష్ట్రం రెండుగా చీలింది. అంజలీదేవి కూర్చున్న చోట గ్లామర్ పాత్రల నయనతారా అని పెద్దవాళ్ళు పెదవి విరిచారు. ఫోటోలు బయటికొచ్చాక కూడా ఆ గొణుగుడు ఆగలేదు. 2011 నవంబరులో సినిమా వచ్చింది. ముళ్ళపూడి వెంకటరమణ మాటలు, ఇళయరాజా పాటలు, సునీత గొంతు, వాటికి తోడు నయనతార కళ్ళు. ఆ ఏటి ఉత్తమ నటి నంది ఆమె ఇంటికే వెళ్ళింది. పెదవి విరిచినవాళ్ళే తర్వాత ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్ళి చూశారు. ఇంకో ముచ్చట. వాళ్ళు అంత పవిత్రంగా కాపాడుకున్న 1963 ‘లవకుశ’ కూడా రీమేకే. సి.పుల్లయ్య 1934లో ఒకసారి తీసిన కథను తనే మళ్ళీ మొదలుపెడితే, కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేశారు. పారుపల్లి సుబ్బారావును రాముడిగా కొలిచిన తరం ఎన్.టి.ఆర్ రాముణ్ణి చూసి ఏమని గొణుక్కుందో మనకు అందలేదు. అప్పుడు ఫోన్లు లేవు, బతికిపోయారు.

1974లో కృష్ణ ‘దేవదాసు’ తీస్తే మాత్రం జనం తీర్పు స్పష్టంగా చెప్పారు. ఆ రోజుల్లోనే అక్కినేని ‘దేవదాసు’ కూడా మళ్ళీ హాళ్ళకొచ్చింది. ప్రేక్షకుడు పాత సీసా వైపే మొగ్గాడు. కాకపోతే ఆ తీర్పు టికెట్ కొన్నాక ఇచ్చింది.

కడుపుమంట, కక్ష అనే రెండింటినీ బోర్డు వారు వేరువేరుగా చూడాలని కూడా అర్జీదారు మనవి. 1984 నాటి హాలీవుడ్ హాస్యచిత్రం ‘గోస్ట్‌బస్టర్స్’ను నలుగురు ఆడవాళ్ళతో మళ్ళీ తీసి 2016 మార్చిలో ట్రైలర్ వదిలారు. యూట్యూబ్‌లో అప్పటిదాకా ఏ సినిమా ట్రైలర్‌కూ రానన్ని డిస్‌లైక్‌లు దానికొచ్చాయి. జోకులు పేలలేదన్న ఫిర్యాదు న్యాయమే. కానీ ఆ గుంపులో సగం గోల జోకుల గురించి కాదు. నటి లెస్లీ జోన్స్‌ను రంగు పేరెత్తి తిట్టి, ఆమె కొన్నాళ్ళు ట్విటర్ వదిలి వెళ్ళిపోయేదాకా వేధించారు. 2022లో ‘లాల్ సింగ్ చడ్ఢా’ సంగతీ అంతే. టామ్ హాంక్స్ ‘ఫారెస్ట్ గంప్’కు రీమేకది. ట్రైలర్‌ను మే 29న ఐపీఎల్ ఫైనల్ రోజున వదిలారు, తెలుగులో చిరంజీవి సమర్పించారు, మన నాగచైతన్య తొలి హిందీ సినిమా. ఆమిర్ ఖాన్ కళ్ళింతలు చేసి ‘పీకే’ నటననే మళ్ళీ నటించాడన్నవాళ్ళు సినిమా ప్రేమికులు. అతనెప్పుడో అన్న మాటలు తవ్వితీసి బహిష్కరించమన్నవాళ్ళకు టామ్ హాంక్స్ గొడవే అక్కర్లేదు. హ్యాష్‌ట్యాగ్‌లో ఈ ఇద్దరూ ఒక్కలాగే కనబడటం పెద్ద చిక్కు. 2021 నవంబరులో యూట్యూబ్ డిస్‌లైక్‌ల లెక్కను అందరికీ కనబడకుండా దాచేసింది. లెక్క దాగింది గానీ తిట్టు దాగలేదు.

పైగా ట్రైలర్ మీద కోపానికీ టికెట్ కౌంటర్‌కూ ఎప్పుడూ లంకె కుదరదు. 2019 ‘లయన్ కింగ్’ ప్రచార చిత్రాలు చూసి, సింహాల మొహాల్లో భావమే లేదు, జంతువుల డాక్యుమెంటరీలా ఉందని ఎందరో పెదవి విరిచారు. ఆ సినిమా ప్రపంచమంతా కలిపి 160 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. తెలుగులో సింబాకు నాని గొంతు, పుంబా టిమోన్‌లకు బ్రహ్మానందం, అలీ గొంతులు. ఆ జంట కోసమే వెళ్ళిన పిల్లల తండ్రుల్లో అర్జీదారుకు తెలిసినవాళ్ళు చాలామందే.

రీమేక్ కాకపోయినా ‘ఆదిపురుష్’ను ఇక్కడ ప్రస్తావించక తప్పదు, బోర్డు వారు మన్నించాలి. 2022 అక్టోబరు 2న అయోధ్యలో టీజర్ వదలగానే గ్రాఫిక్స్ మీద దేశం విరుచుకుపడింది. ఫోన్లో కాదు, పెద్ద తెర మీద చూడండంటూ హైదరాబాదులో త్రీడీలో వేసి చూపించారు. సంక్రాంతి విడుదలను జూన్‌కు జరిపారు. తీరా సినిమా వచ్చాక జనం మండిపడింది హనుమంతుడి చేత పలికించిన మాటల మీద. వాటిని నిర్మాతలు విడుదలయ్యాక మార్చుకోవాల్సి వచ్చింది. టీజర్ చూసి లక్షమంది పట్టుకోలేని తప్పది. సినిమా మొత్తం చూసి ‘యు’ సర్టిఫికెట్ ఇచ్చిన బోర్డు వారూ పట్టుకోలేదు.

కాబట్టి అర్జీదారు ప్రార్థన ఇది. తెర మీద సిగరెట్ వెలిగితే చాలు, మూలన హెచ్చరిక పడుతోంది. రీమేక్ ట్రైలర్ మొదట్లో కూడా అలాంటిదే ఒకటి వేయించాలి: మాతృక పేరు, భాష, విడుదలైన ఏడాది, కథ రాసినవాళ్ళ పేర్లు, తెలుగు డబ్బింగ్ ఇదివరకే ఉంటే ఆ సంగతి. తెలియనివాడు తెలుసుకుంటాడు, తెలిసినవాడు తనను మోసం చేయడం లేదని శాంతిస్తాడు. ఆ మూల కథకుడికి మన ట్రైలర్లలో ఎన్నడూ దక్కని మర్యాద కూడా దక్కుతుంది. అభిమానుల తరఫున అర్జీదారు ఇచ్చే హామీ ఒక్కటే. ట్రైలర్‌ను ట్రైలర్ లాగే తిడతారు, సినిమాను చూశాకే తిడతారు. ఈ హామీకి పూచీకత్తు మాత్రం అడగవద్దు.

ఫోన్లో వచ్చే ట్రైలర్లు తమ పరిధిలోకి రావని బోర్డు వారు ఈ కాగితాన్ని తిప్పి పంపవచ్చు. అలా పంపేటప్పుడు అర్జీదారు చిరునామాకు కాకుండా, వచ్చే శుక్రవారంలోగా నిర్మాతల మండలికి చేరేట్టు పంపించాలని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
రెండో తరగతి టికెట్‌తో మొదలై మల్టీప్లెక్సు దాకా వచ్చిన ఒక ప్రేక్షకుడు