పర్పుల్ ట్యూబు

చిటికెనవేలంత ప్లాస్టిక్ గొట్టాన్ని నేను. ఊదా రంగు మూత ఉంటుంది కాబట్టి ల్యాబుల్లో పర్పుల్ ట్యూబంటారు. నా లోపలి గోడకు పట్టించిన ఈడీటీఏ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టనివ్వదు. నాలో చేరిన కణాలు ఒకటి రెండు రోజులు పరీక్షకు పనికొస్తాయి. నా ఆయుష్షూ అంతే.

అది మనుబోలులో మొదలైంది. పంచలో నులక మంచం మీద పెద్దాయన పడుకుని ఉన్నాడు. నడుము నొప్పి వడ్ల మూటలెత్తినందుకే అనుకుంటూ ఆర్నెల్లు గడిపేశాడట. ఆపైన రెండుసార్లు న్యుమోనియా. చివరికి మూలుగ తీసి చూస్తే మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ అని తేలింది. మందు మొదలుపెట్టే ముందు రక్తంలో రక్షక కణాలు ఎట్లా ఉన్నాయో చూడాలన్నారు.

"భయపడబాకు పెదనాయనా, చీమ కుట్టినట్టుంటది" అంటూ ల్యాబు కుర్రాడు మోచేతి మడతలో సూది గుచ్చాడు. రక్తం వెచ్చగా నాలోకి చిమ్మింది. ఎనిమిదిసార్లు నన్ను మెల్లగా బోర్లించి లేపాడు.

కూతురు పాత రిపోర్టు పట్టుకొచ్చింది. "తెల్లకణాలు ఏడు వేలుండాయి గదా తమ్ముడూ, మరి నాయనకి ఊరికూరికే జొరాలెందుకొస్తాండాయి?"

కుర్రాడు జవాబు చెప్పలేకపోయాడు. ఆ ప్రశ్నను మోసుకుంటూ నెల్లూరుకు బైకు మీద, అక్కణ్ణుంచి రాత్రి బస్సులో చెన్నైకి వెళ్లాను.

మా వంశంలో పెద్దది కూడా ఇలాంటి ప్రశ్ననే మోసింది. 1845 నవంబరు 1న లండన్‌లో డాక్టర్ వాట్సన్ ఓ రోగి మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, ఇదేమిటో చెప్పమని హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపాడు. మరిగిస్తే కరిగిపోయి, చల్లారితే మళ్లీ పేరుకునే ప్రొటీన్ అందులో ఉంది. మైలోమాలో దారితప్పిన ప్లాస్మా కణాలు వదిలే యాంటీబాడీ ముక్కలవి. నేటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు.

చెన్నైలో నా కణాలకు రంగుల యాంటీబాడీలు అంటించి, ఫ్లో సైటోమీటర్‌లో ఒకదాని వెనక ఒకటి లేజర్ కాంతిలోంచి పోనిచ్చారు. తెర మీద చుక్కలు గుంపులు కట్టాయి. కూతురికి కావలసిన జవాబు అక్కడ కనిపించింది. మొత్తం లెక్క సరిగానే ఉంది, వాటాలే మారిపోయాయి. మామూలుగా సీడీ8 కన్నా ఎక్కువుండే సీడీ4 టీ కణాలు తగ్గిపోయాయి. యాంటీబాడీలకు మూలమైన బీ కణాలు పలచబడ్డాయి. సీడీ8ల మీద పీడీ-1 గుర్తు దట్టంగా ఉంది. పోరాడి పోరాడి అలసిన కణాల్లో తరచూ కనబడే గుర్తది. ఊరికి కావలివాళ్లున్నారు గానీ కర్ర ఎత్తే సత్తువ లేదు.

మందుతోనూ జాగ్రత్తగా ఉండాలి. 2015లో అమెరికాలో అనుమతి పొందిన దారాటుముమాబ్, సీడీ38 అనే గుర్తు ఉన్న మైలోమా కణాలను వెతికి చంపుతుంది. అదే సీడీ38 మంచి చేసే ఎన్‌కే కణాల మీదా ఉంటుంది, అవీ తగ్గుతాయి. 2021లో అక్కడే మైలోమాకు అనుమతి దొరికిన కార్-టీ చికిత్సలో రోగి టీ కణాలనే తీసి, మార్చి, తిరిగి ఎక్కిస్తారు. అందుకే ఆ కణాల్లో ఎంత ఓపిక మిగిలిందన్నది పెద్ద సంగతి.

నాకు నోరుంటే ఆ కూతురికి చెప్పేదాన్ని: ఏడు వేలన్న అంకె చూసి నిబ్బరపడబాకమ్మా. ఒళ్లు కాస్త వెచ్చబడినా తెల్లారేదాకా ఆగబాకు. టీకాల సంగతి డాక్టరును అడుగు.

నన్ను ఆటోక్లేవుకు పంపే సంచిలో వేశారు. నా అడుగున పెద్దాయన రక్తం ఇంకా రెండు చుక్కలుంది. లేబుల్ మీద కుర్రాడు పెన్నుతో రాసిన 'మనుబోలు' తడికి కొంచెం అలుక్కుపోయింది.