గాబ్లిన్‌కు గ్రాట్యుటీ లేదా?

చదివే ఉంటారు. ఆటగాళ్లు హీరోలై రాక్షసులతో తలపడే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వారి కొత్త రాక్షసుల పుస్తకం, మాన్‌స్టర్ మాన్యువల్, 2025లో బజారులోకి వచ్చింది. అయిదొందలకు పైగా రాక్షసులు, పేజీ పేజీకీ రంగుల బొమ్మలు, చేతికి బరువైన అట్ట. అంతా బాగానే ఉంది గానీ, ముందు పేజీల్లో ఓ మూల దూర్చిన నిబంధన దగ్గర నాకు ఒళ్లు మండింది. రాక్షసుడి సామాన్లలో 'గేర్' అనే పద్దు కింద ఎక్కించినవి మాత్రమే వాడు పోయాక ఇంకొకరికి పనికొస్తాయట. ఆ పద్దులో లేని సామాను అప్పటిదాకా వాడి చేతిలో ఎన్ని నిప్పులు కక్కినా సరే, వాడు ఓడిన క్షణం నుంచి చెత్తేనట. అది మానవమాత్రులకు అందని సరుకో, ప్రత్యేకంగా చేయించిందో అనుకుని సరిపెట్టుకోవాలట.

2014 నాటి పుస్తకంలో ఈ సంగతి ఆట నడిపే డీఎం ఇష్టానికి వదిలేశారు. ఇప్పుడు జీవో ఇచ్చేశారు.

జీవో వచ్చిన రాత్రే పాతాళంలో రాక్షస కాంట్రాక్టు ఉద్యోగుల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సర్వీసు రూల్స్ తెలిసిన మనిషి ఒకడు కావాలని నన్ను పిలిచారు. తెలుగు పత్రికల్లో పీఆర్సీ వార్తలు చదివి చదివి ఆ మాత్రం అర్హత నాకు వచ్చిందిలెండి.

మొదట లేచింది ఓ గాబ్లిన్. మూడడుగుల ఎత్తు, చేతిలో వినతిపత్రం. "అయ్యా, నాది గుహ గుమ్మంలో నైట్ డ్యూటీ. తోలు కవచం, వంకర కత్తి, డాలు, చిన్న విల్లు. ఈ నాలుగూ స్టోర్స్ రిజిస్టర్‌లో ఎక్కాయి. లోపల పెట్టెలో మంటలు చిమ్మే కత్తి ఉందండీ. దానికి కాపలా నేనే. తీసి వాడుకుందామంటే ఆర్డర్ లేదు. నా మొలకి ఓ సీసా కట్టారు, గాయాలు మానే మందు. మూత తీయడానికీ ఆర్డర్ లేదు. మొన్న నలుగురు హీరోలొచ్చి నన్ను నరికారు. పొట్ట పట్టుకుని పడి ఉన్నాను, సీసా బొడ్డు దగ్గరే ఉంది. నరికినవాడే వంగి, సీసా తీసి, గటగటా తాగి, మూతి తుడుచుకుని లోపలికెళ్లాడు."

"తర్వాత?"

"తర్వాతేముందండీ, మర్నాడు ఇంకో గుహలో జాయినింగ్ రిపోర్టు. సర్వీసు మళ్లీ మొదటి రోజు నుంచి."

ఏటా మార్చి 31న తీసేసి ఏప్రిల్‌లో మళ్లీ పెట్టుకునే పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ, పాతాళం దాకా పాకింది.

డ్రోలు సీనియర్లు. భూగర్భంలో బతికే నల్లటి ఎల్ఫ్‌లు, 1978 నుంచీ సర్వీసులో ఉన్నారు. వాళ్లకు మొదట్లోనే మంత్రం వేసిన కత్తులు, కవచాలు ఇచ్చారు. చూసి మిగతా రాక్షసులు కుళ్లుకున్నారు కూడా. మెలిక ఏమిటంటే, ఆ ఆయుధాలకు ఎండ తగిలితే సత్తువ పోయేది. చచ్చీచెడీ గెలిచిన హీరోలు వాటిని మూటగట్టుకుని పైకొచ్చి విప్పితే మిగిలేది పాత ఇనుము. "మా రోజుల్లో పొద్దు పొడిచేదాకా అయినా ఆగేవి" అని ఓ ముసలి డ్రో నిట్టూర్చాడు. ఈ సీనియర్ల బాధ ఎప్పుడూ ఇంతే, తమ కాలపు అన్యాయమే కాస్త నయమంటారు.

బేలర్ అనే నిప్పుల దయ్యం కేసు ఇంకా ఘోరం. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక చేతిలో మెరుపుల కత్తి, ఇంకో చేతిలో మంటల కొరడా. 2014 పుస్తకం ప్రకారం చచ్చేటప్పుడు వాడు పేలిపోవాలి, ఆ పేలుడులో వాడి ఆయుధాలు కూడా పోవాలి. రిటైరయ్యే రోజున ఆఫీసుతో పాటు తననీ తగలబెట్టుకోవాలని అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోనే రాసి ఇచ్చారన్నమాట.

డ్రాగన్ రాలేదు, సందేశం పంపింది. తనకు ఏ లోటూ లేదట. మంత్రదండాలు, కిరీటాలు, కవచాల గుట్ట మీదే పడక. ఆ గోళ్లకు ఏ ఉంగరమూ పట్టదు, ఆ మెడకు ఏ హారమూ చాలదు. ఏటీఎం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కర్ర పట్టుకుని కూర్చునే పెద్దాయన కూడా అడిగితే బ్యాంకు మనదే అంటాడు.

అప్పుడు లేచాడు మనవాడు. ఆశ్చర్యపోకండి, ఆ పుస్తకంలో 1977 నుంచీ మన పురాణాల రాక్షసుడు ఉన్నాడు, ఆ పేరుతోనే. పులి తల తగిలించి, అరచేతులు తిరగేసి, నోట్లో పైపు పెట్టి కూర్చోబెట్టారు. విదేశం వెళ్లినవాడికి ఆ మాత్రం మార్పులు తప్పవు. "మా వైపు ఇలా ఉండేది కాదు" అన్నాడు గొంతు సవరించుకుని. "మా రావణుడికి చంద్రహాసం ఇచ్చింది సాక్షాత్తూ శివుడు. ఇంద్రజిత్తుకి బ్రహ్మాస్త్రం ఉండేది. భస్మాసురుడికి వరమిచ్చి శివుడే పరుగు లంకించుకున్నాడు గానీ, ఇచ్చింది చెల్లదని మాత్రం అనలేదు. ముందు ఆయుధం చేతిలో పెట్టడం, తర్వాత అవతారమెత్తి తిప్పలు పడటం, అదీ మా దేవుళ్ల పద్ధతి. రావణుడు పడ్డాక పుష్పకం పాడైపోయిందా? రాముడు అందులోనే అయోధ్యకు చేరి, కుబేరుడికి తిరిగి పంపించేశాడు."

గాబ్లిన్లు ఈలలు వేశాయి. తీర్మానం నా చేతే రాయించారు. కాపలా కాసేవాడికి పెట్టె తాళం ఇవ్వాలి. మొలకు కట్టిన సీసా ముందు కట్టినవాడే తాగాలి. హీరో గెలిస్తే మంటల కత్తి తీసుకుపోవచ్చు, కాకపోతే ముందు దాని దెబ్బ తిని తీసుకుపోవాలి. ఆఖరిది మనవాడి సూచన: మాయాబజార్‌లో శకుని ఎక్కి నిజం కక్కిన సత్యపీఠం లాంటిదొకటి ఈ ఆట కంపెనీ బోర్డు రూములో వేయాలి.

ఆ పీఠం దగ్గరే నాకు నవ్వు ఆగిపోయింది. ఆ బోర్డు రూము చెప్పాల్సిన నిజం ఒకటి గుర్తొచ్చింది.

2023 డిసెంబర్ 7న బాల్డర్స్ గేట్ 3 ఆ ఏటి మేటి వీడియో గేమ్‌గా అవార్డు అందుకుంది. అది ఈ ఆట ప్రపంచం మీద, ఈ రాక్షసుల మీద, ఈ కత్తుల మీద కట్టిన గేమ్. సరిగ్గా నాలుగు రోజులకు, క్రిస్మస్ రెండు వారాలుందనగా, ఈ ఆటకు యజమాని అయిన హాస్‌బ్రో 1,100 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ వేటు పడ్డవాళ్లలో ఈ పుస్తకాలు రాసినవాళ్లు ఉన్నారు, బొమ్మలు చూసుకున్నవాళ్లు ఉన్నారు. సెటిల్‌మెంట్ ఇచ్చే ఉంటారు, నేను అడిగేది ఆ లెక్క కాదు. వాళ్లు పుట్టించిన దయ్యం, పెట్టిన పేరు, పోసిన ప్రాణం, ఏదీ వాళ్ల వెంట రాదు. చట్టం ప్రకారం అన్నీ కంపెనీవే.

ఇది ఈనాటిది కాదు. ఆట కనిపెట్టిన ఇద్దరిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ తన రాయల్టీ కోసం 1979లో కోర్టుకెక్కాడు. రెండోవాడు గ్యారీ గైగాక్స్ చేతిలోంచి 1985లో సొంత కంపెనీయే జారిపోయింది. గైగాక్సేమీ అమాయకుడు కాదు, ఆర్నెసన్ కోర్టుకెక్కాల్సి వచ్చింది ఆయన కంపెనీ మీదే. అయినా యాభై ఏళ్లుగా ఆ గుహలో కత్తికి సానబట్టినవాడే బయట పడుతున్నాడు, పెట్టె మాత్రం కొత్త యజమాని పేరుకు మారుతోంది. వాడు పడగానే వాడి చేతిలోది చెత్త అని రాసిన చెయ్యికి రాక్షసుల గురించి తెలుసో లేదో గానీ, ఆఫీసుల గురించి మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

ముందు ఆ 1,100 మంది గేర్ పద్దులో ఏం రాశారో చూపించండి. గాబ్లిన్ ఏది వాడాలో, ఏది వాడకూడదో తర్వాత చెబుదురు గాని.