బ్లాస్ట్ ఫర్నేస్‌కి ఆదివారం లేదు

మంచు మీద జారే సరదా ఉన్నవాళ్లకు లోకమంతా ఇచ్చే సలహా ఒక్కటే: తెల్లారకముందే బయల్దేరండి. అమెరికాలో డెన్వర్ నుంచి స్కీ కొండలకు పోయే ఐ-70 రోడ్డు మీద అందరూ ఈ సలహా వినేసరికి, శనివారం కోడి కూయకముందే కార్లు బారులు తీరుతున్నాయి. తిరుగుదారిలో తొందరున్నవాళ్లు డబ్బు కట్టి పోయేందుకు 2015 చివర్లో విడిగా ఒక లేనే తెరిచారు. మన లంబసింగిదీ అదే కథ. డిసెంబరు ఆదివారాల్లో పొగమంచు చూద్దామని వైజాగ్ నుంచి అర్ధరాత్రే బయల్దేరినవాళ్లు చివరికి ఘాట్ రోడ్డులో ముందు కారు ఎర్రలైట్లు చూసి ఇంటికొస్తారు. కిటుకు ఊరందరికీ తెలిశాక అది కిటుకు కాదు, టైంటేబుల్.

నన్నడిగితే, చూసుకోవాల్సింది బయల్దేరే గంట కాదు, సెలవు ఏ రోజు పడిందన్నది. ఛత్తీస్‌గఢ్‌లో మా భిలాయి క్యాంప్ 1 జనానికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. సోవియట్ రష్యా సాయంతో ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లు ఎందరో. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అది ఆదివారమని చల్లారే సరుకు కాదు. చల్లారనిస్తే కడుపులోని ఇనుము గడ్డకట్టుకుపోతుంది. అందుకే మూడు షిఫ్టులు, ఒకరికి మంగళవారం ఆఫ్, ఇంకొకరికి గురువారం. జనాన్ని వారమంతా సర్దిపెట్టిన ఈ ఏర్పాటు ట్రాఫిక్ పోలీసులు చేసింది కాదు, ఇనుము చేయించింది.

రుజువు కావాలంటే 1972లో పెట్టిన మా ఊరి మైత్రీబాగ్ జూకి వెళ్లండి. ఆదివారమైతే టికెట్ కిటికీ దగ్గరే సగం పూట గడుస్తుంది: ఒక చేతిలో పులిహోర డబ్బా, ఇంకో చేతిలో పారిపోబోతున్న పిల్లాడి జబ్బ, చిల్లర తియ్యడానికి మూడో చెయ్యి లేదు. లోపలికెళ్తే తెల్లపులికి బదులు ముందాయన బట్టతల. బుధవారమో, జనం లేక విసుగెత్తి పులే లేచొచ్చి మనల్ని చూస్తుంది.

మే నెలలో 45 డిగ్రీలు కాసే ఊరివాడికి స్కీ రోడ్ల గొడవెందుకంటారా? నిజమే, మాకు చలి కావాలంటే టిబెటన్లు ఉండే కొండ ఊరు మైన్‌పాట్ దాకా పోవాలి, అక్కడా జారడానికి మంచు లేదు. కానీ నా వాదన రద్దీ గురించి, దానికి చలీ ఎండా ఒకటే. పిల్లల బడి మాటేమిటన్నది గట్టి అభ్యంతరం. దీనికి నా దగ్గరున్నది సగం జవాబే: ఫస్ట్ షిఫ్టు రెండింటికి వదులుతుంది, బడీ ఆపాటికి వదిలితే సాయంత్రం మనదే. మైన్‌పాట్‌కి మాత్రం ఆ సాయంత్రం చాలదు.

అందరూ బుధవారమే సెలవు తీసుకుంటే? తీసుకోరు. ఏ రోజు కావాలని అడిగి చూడండి, హైదరాబాద్ ఐటీ కుర్రాళ్లంతా ఒక్క గొంతుతో శుక్రవారం అంటారు. కోరుకునే సెలవులన్నీ ఒక్కచోటే పోగవుతాయి. షిఫ్టు ఇన్‌ఛార్జి రాసిచ్చేవే చెదురుతాయి. ఇక సోమవారం ఆఫ్ పడ్డవాళ్లంటారా, వాళ్లకు రోడ్డు ఖాళీ, పార్కింగ్ ఖాళీ, టికెట్ కిటికీ ముందు ఒక్క పురుగు ఉండదు. ఆ రోజు మైత్రీబాగ్‌కీ ఆఫే.