లెబ్రాన్ భక్తి మీమాంస

ఒక మనిషి చేతిలో బంతి ఉన్నంతసేపు వేల మైళ్ల దూరాన మరొక మనిషి ఊపిరి బిగబట్టి కూర్చోవడం, ఆ బంతి వలలో పడితే తన జాతకం తిరిగినట్టూ అంచుకు తగిలి బయట పడితే తన ఇంటి దూలం విరిగినట్టూ భావించడం, ఈ సంబంధం సంగతి బంతి పట్టుకున్న మనిషికి ఏమాత్రం తెలియకపోవడం అనే మూడు లక్షణాలు ఒకచోట కలిసినప్పుడు దానిని బాస్కెట్‌బాల్ భక్తి అనవచ్చు. వీటిలో చివరిదే ప్రధాన లక్షణమని గుర్తించాలి. ఆరాధ్యుడికి భక్తుడి ఉనికి తెలిసిన మరుక్షణం అది భక్తి కాక పరిచయమవుతుంది, పరిచయస్థుల ఆటలో లోపాలు కనిపించడం లోకసహజం.

ఈ భక్తికి శాఖలు అనేకం. షికాగోలో మైకేల్ జోర్డాన్‌కు, లాస్ ఏంజెలెస్‌లో కోబీ బ్రయంట్‌కు, డాలస్‌లో డర్క్ నొవిట్స్కీకి కంచు విగ్రహాలు వెలిశాయి. డాలస్‌వారు అంతటితో తృప్తిపడక ఒక వీధికి కూడా నొవిట్స్కీ పేరు పెట్టుకున్నారు. అయితే విగ్రహాన్ని నమ్ముకోవడంలో పెద్ద సాహసమేమీ లేదు, అది మరో జట్టుతో ఒప్పందం కుదుర్చుకుని ఊరు విడిచి వెళ్లిపోదు కనుక. ఆరాధ్యుడు నిజంగానే నడిచి వెళ్లిపోతే భక్తి ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరాన్నీ, అక్కడి లెబ్రాన్ జేమ్స్ భక్తులనూ పరిశీలించవలసి ఉంటుంది.

ముందుగా స్థలపురాణం. క్లీవ్‌లాండ్ ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న పారిశ్రామిక నగరం. దాని ప్రసిద్ధికి కారణాలు వెతికితే 1969లో అక్కడి కయహోగా నది మీద తేలిన నూనె తెట్టు అంటుకుని నదే మండిన ఉదంతం ముందు వరుసలో నిలుస్తుంది. 1964లో బ్రౌన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఛాంపియన్ అయిన తరువాత ఆ ఊరి ప్రధాన క్రీడాజట్లలో ఏదీ అర్ధశతాబ్దం దాటినా కప్పు గెలవలేదు కనుక, అక్కడి తండ్రులు కొడుకులకు ఆస్తితోపాటు ఆ ఎదురుచూపును కూడా రాసి ఇచ్చేవారు. ఇలాంటి ఊరికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని ఏక్రన్‌లో 1984 డిసెంబరు 30న లెబ్రాన్ జన్మించాడు. అతడు ఇంకా హైస్కూల్లో ఉండగానే, 2002 ఫిబ్రవరిలో, స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అతడి బొమ్మను ముఖచిత్రంగా వేసి ఇతడే ఎంపికైనవాడని లోకానికి చాటింది. అతడు కూడా ఆ మాటనే వీపు నిండా పచ్చబొట్టుగా పొడిపించుకున్నాడు. అవతారపురుషులు సాధారణంగా తమ అవతారరహస్యాన్ని కొంతకాలం దాచి ఉంచుతారు; ఇతడు ఆ జాప్యాన్ని తొలగించాడు.

కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటును డ్రాఫ్ట్ అంటారు. అందులో మొదటి వంతు ఎవరిదో లాటరీ తేలుస్తుంది, ఆ లాటరీలో బాగా ఓడిన జట్లకే ఎక్కువ అవకాశం ఉంటుంది. 2002–03లో కావలీర్స్ అనే క్లీవ్‌లాండ్ జట్టు 82 ఆటల్లో 65 ఓడి ఆ అవకాశాన్ని సంపాదించుకుంది, 2003లో మొదటి వంతు దానికే దక్కింది, ఆ వంతులో లెబ్రాన్ దాని చేతికి చిక్కాడు. ఇంత నిష్ఠగా ఓడడాన్ని బయటివారు చేతకానితనం అన్నారు గాని, భక్తులు దానిని తపస్సుగానే వ్యాఖ్యానిస్తారు.

భక్తిని తొమ్మిది విధాలుగా విభజించిన సంప్రదాయం ఈ ఊరిలో దాదాపు పూర్తిగా నిరూపణకు వచ్చింది. శ్రవణమంటే వ్యాఖ్యాతల మాటలు వినడం. కీర్తనమంటే విన్నదానిని ఆఫీసులో అడగనివారికి కూడా వినిపించడం. స్మరణమంటే పెళ్లిరోజు మరిచిపోయినా 2007లో డెట్రాయిట్ మీద జట్టు సాధించిన చివరి 25 పాయింట్లూ లెబ్రాన్ ఒక్కడివేనన్న సంగతి మరవకపోవడం. సఖ్యమంటే ఎన్నడూ కలవని మనిషిని బ్రాన్ అని ముద్దుపేరుతో పిలవడం. పాదసేవనం మాత్రం కాస్త వివరణ కోరుతుంది. లెబ్రాన్ వృత్తి క్రీడాకారుడిగా ఒక్క ఆటైనా ఆడకముందే నైకీ కంపెనీ అతడితో బూట్ల ఒప్పందం చేసుకుంది, అప్పటినుంచి అతడి పేరిట కొత్త జతలు విడుదలవుతూనే ఉన్నాయి. ఉత్తమ భక్తుడు ఆ జతను కొంటాడు గాని తొడగడు. పెట్టెలోంచి తీసి చూసి, దుమ్ము దులిపి, తిరిగి పెట్టెలో పెడతాడు. అన్నగారి పాదుకలను సింహాసనం మీద నిలిపిన భరతుడికి కనీసం అన్నగారి పాదాలు తాకిన పాదుకలు దొరికాయి. ఈ భక్తుడు కర్మాగారం నుంచి నేరుగా వచ్చినవాటితోనే సర్దుకుంటున్నాడు.

అర్చనకు కూడా లోటు జరగలేదు. ఆట మొదలయ్యే ముందు లెబ్రాన్ దోసిట్లో పొడి పోసుకుని గాలిలోకి ఎగజల్లేవాడు. అరచేతుల తడి ఆరడానికి వాడే ఆ సుద్దలాంటి పొడి తెల్లని మేఘంలా లేచినప్పుడు వేలమంది చేతులు పైకెత్తి కేకలు వేసేవారు, చెమటకు విరుగుడు చూసుకోవడం ఇంతటి మహోత్సవం కావడం క్రీడాచరిత్రలో అరుదు. స్టేడియానికి ఎదుట ఉన్న భవనం మీద పది అంతస్తుల ఎత్తున, రెండు చేతులూ చాచి తల వెనక్కి వాల్చిన అతడి చిత్రం వెలిసింది. తామంతా సాక్షులమన్న మాట దాని మీద రాసి ఉండేది. ఆ చిత్రాన్ని వేయించింది బూట్లు అమ్ముకునే నైకీయేనన్న సంగతి అందరికీ తెలిసినా భక్తికి అది ఆటంకం కాలేదు.

విరహకాండ 2010 జులై 8న మొదలైంది. ఒప్పందం ముగిసిన లెబ్రాన్ తరువాత ఏ జట్టుకు ఆడతాడో ప్రకటించడానికే ఈఎస్‌పీఎన్ చానల్ ఒక ప్రత్యేక కార్యక్రమం ఏర్పాటు చేసింది. ఒక్క వాక్యంలో తేలిపోయే సంగతిని గంటకు పైగా సాగదీసిన ఆ కార్యక్రమాన్ని దాదాపు కోటిమంది చూశారు, ఆ వాక్యంలో క్లీవ్‌లాండ్ పేరుకు బదులు మయామి పేరు వినిపించింది. ఆ రాత్రే క్లీవ్‌లాండ్‌లో లెబ్రాన్ జెర్సీలు, అంటే ఆటగాడి పేరూ అంకే ముద్రించిన చేతుల్లేని చొక్కాలు, మంటల్లో కాలాయి. నదినే అంటించుకున్న ఊరికి చొక్కా ఒక లెక్క కాదు.

జట్టు యజమాని డాన్ గిల్బర్ట్ నిందాస్తుతి బాధ్యతను స్వయంగా తీసుకున్నాడు. లెబ్రాన్ కన్నా ముందు తన జట్టే కప్పు గెలుస్తుందని హామీ ఇస్తూ ఆయన రాసిన బహిరంగ లేఖ, పిల్లల పుట్టినరోజు పిలుపులకు సరిపోయే కామిక్ సాన్స్ అనే గుండ్రని అక్షరాలలో వెలువడింది. రౌద్రరసాన్ని ఇంత ముద్దుగా ముద్రించిన శాపపత్రం మరొకటి కనిపించదు. ఆయనకే చెందిన గోడబొమ్మల కంపెనీ లెబ్రాన్ బొమ్మ ధరను 17.41 డాలర్లకు దించింది. 1741 అమెరికా విప్లవకాలంలో దేశద్రోహిగా పేరుపడ్డ బెనెడిక్ట్ ఆర్నాల్డ్ పుట్టిన సంవత్సరం. తిట్టడానికి కూడా చరిత్ర పుస్తకం తిరగేసి, ఆ తిట్టును చిల్లర పైసలతో సహా ధర చీటీ మీద అచ్చువేయించిన ఈ శ్రద్ధను ద్వేషమని కొట్టిపారేయడం శాస్త్రీయం కాదు.

తెలుగువారికి ఈ మానసికస్థితి కొత్త కాదు. ప్రహ్లాదుడి నోట నవవిధ భక్తిని పలికించిన భాగవత సప్తమస్కంధమే, కంసుడు భయంతోనూ శిశుపాలుడు పగతోనూ హరిని చేరారని నారదుడి చేత ధర్మరాజుకు చెప్పిస్తుంది. పగబట్టినవాడు నిద్రలోనూ మెలకువలోనూ ఆ ఒక్కడినే తలుచుకుంటాడు కనుక అతడి స్మరణ ప్రేమించేవాడి స్మరణకన్నా గట్టిదని దీని సారాంశం. లెబ్రాన్ ఓడిపోతే చూడాలనుకున్న క్లీవ్‌లాండ్ వాసి, ఏ రోజు ఓడతాడో ముందే తెలియదు కనుక, అతడి ఆటలన్నీ చూడవలసి వచ్చింది. కావలీర్స్ ఏ స్థానంలో ఉందో తెలియనివాడికి కూడా మయామి గెలుపోటముల పట్టిక కంఠస్థమైంది. నిజానికి కావలీర్స్ స్థానం తెలియకపోవడమే మేలు. లెబ్రాన్ ఉన్న చివరి సీజన్లో 61 ఆటలు గెలిచిన ఆ జట్టు మరుసటి ఏడాది 19 మాత్రమే గెలిచింది, మధ్యలో వరుసగా 26 ఓడింది. లెబ్రాన్ మాత్రం 2012లోనూ 2013లోనూ కప్పు ఎత్తాడు, కామిక్ సాన్స్ హామీ ఆ అక్షరాలకు తగిన గాంభీర్యాన్నే నిలబెట్టుకుంది.

2014 జులై 11న, తాను ఇంటికి తిరిగి వస్తున్నానని లెబ్రాన్ ఒక వ్యాసం ద్వారా తెలియజేశాడు. ఈసారి టీవీ కార్యక్రమం లేదు, గంటసేపు నిరీక్షణా లేదు. అయినా ఊరు మొత్తం క్షణాల్లో క్షమించింది. నాలుగేళ్ల క్రితం చొక్కా కాల్చినవాడే దుకాణం ముందు వరుసలో నిలబడి కొత్త చొక్కా కొన్నాడు, పది అంతస్తుల చిత్రం మరొకటి అదే గోడ మీదకు ఎక్కింది. దాస్యభక్తి అసలు స్వరూపం ఇక్కడే తెలుస్తుంది. లెబ్రాన్ క్లీవ్‌లాండ్‌లో 23వ నంబరు, మయామిలో 6, తిరిగి వచ్చాక 23, 2018లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు వెళ్లాక మొదట 23, 2021లో 6, 2023లో మళ్లీ 23 ధరించాడు. మారిన ప్రతిసారీ కొత్త జెర్సీ కొన్న భక్తుడి బీరువాలో ఒకే దైవం తాలూకు అవతారాలన్నీ హ్యాంగర్లకు వేలాడుతూ ఉంటాయి, ఇంటి ఇల్లాలి చీరలు మాత్రం అట్టపెట్టెల్లో సర్దుకుంటాయి.

ఇక మోక్షకాండ. ఈ జట్లన్నీ ఆడే ఎన్‌బీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఫైనల్స్ అంటే రెండు జట్ల మధ్య జరిగే ఏడు ఆటల పోరు. ముందుగా నాలుగు గెలిచినవారిది కప్పు. 2016లో కావలీర్స్, ఆ సీజన్లో 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో 1–3తో వెనకబడి కూడా చివరి మూడు ఆటలూ గెలిచింది. ఫైనల్స్ చరిత్రలో అంతకుముందు ఏ జట్టూ చేయని పని అది. జూన్ 19న జరిగిన ఏడో ఆటలో స్కోరు 89–89 దగ్గర నిమిషాల తరబడి కదలకుండా ఉన్నప్పుడు, ఆండ్రీ ఇగుదాలా వేయబోయిన బంతిని లెబ్రాన్ వెనకనుంచి పరుగెత్తుకొచ్చి బోర్డుకు అదిమి ఆపాడు. తరువాత 53 సెకన్లు మిగిలి ఉండగా గెలుపుదారి తెరిచిన మూడు పాయింట్ల బంతిని వేసింది కైరీ అర్వింగ్ అనే మరో ఆటగాడు. ఈ వాస్తవం భక్తులకు తెలియనిదేమీ కాదు. అయితే లెబ్రాన్ మైదానంలో ఉండడం వల్లనే ప్రత్యర్థుల చూపు చెదిరింది, చూపు చెదరడం వల్లనే అర్వింగ్‌కు చోటు దొరికింది, కాబట్టి ఆ పాయింట్లు తత్త్వదృష్టిలో లెబ్రాన్‌వేనని వారి సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం ఓటమికి మాత్రం వర్తించదు. 2018 ఫైనల్స్ మొదటి ఆటలో లెబ్రాన్ 51 పాయింట్లు చేశాడు; స్కోరు సమానంగా ఉండి కొద్ది సెకన్లే మిగిలినప్పుడు సహచరుడు జే.ఆర్. స్మిత్ బంతి దొరకబుచ్చుకుని బుట్టవైపు కాక బయటివైపు పరుగెత్తాడు, అదనపు సమయంలో జట్టు ఓడింది. అక్కడ ఎవరి ప్రభావంవల్ల ఎవరి చూపు చెదిరిందన్న ప్రశ్నను భక్తులు చర్చకు రానివ్వరు. గెలుపు ఆరాధ్యుడి మహిమ, ఓటమి సహచరుల పూర్వజన్మకర్మ అన్న ఈ పంపకం న్యాయశాస్త్రానికి విరుద్ధమైనా భక్తిశాస్త్రానికి మూలస్తంభం.

భక్తిమార్గం ఎంత విశాలమైనదైనా పరమతఖండన లేనిదే పూర్తికాదు. సర్వకాలాల్లోనూ శ్రేష్ఠుడెవరన్న వాదంలో జోర్డాన్ పక్షంవారు, తమ స్వామి ఆరుసార్లు ఫైనల్స్ చేరి ఆరుసార్లూ గెలిచాడని, లెబ్రాన్ పదిసార్లు చేరి నాలుగే గెలిచాడని లెక్క చెబుతారు. లెబ్రాన్ పక్షంవారు, ఫైనల్స్‌లో ఓడడం పాపమైతే ఫైనల్స్‌కు చేరకముందే ఓడడం పుణ్యమా అని ఎదురు ప్రశ్నిస్తారు. 2023 ఫిబ్రవరి 7న కరీం అబ్దుల్ జబ్బార్ పేరిట ఉన్న 38,387 పాయింట్ల రికార్డును దాటి, మరుసటి ఏడాది 40,000 కూడా దాటినవాడితో పోలికేమిటంటారు. లెబ్రాన్ 23వ నంబరు ఎంచుకున్నదే జోర్డాన్ మీది గౌరవంతో అన్న సంగతి ఇరుపక్షాలకూ తెలుసు. ఆరాధ్యులకు పరస్పరం గౌరవం ఉన్నంత మాత్రాన భక్తులు రాజీ పడాలన్న నియమం ఏ మతంలోనూ లేదు.

ఇంత శ్రమకు ఫలమేమిటన్న సందేహానికి మనస్తత్వశాస్త్రంలో కొంత సమాధానం ఉంది. రాబర్ట్ సియాల్డినీ తన సహచరులతో కలిసి 1976లో ప్రచురించిన అధ్యయనంలో, విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తరువాతి సోమవారం విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకొచ్చారని, గెలిచిన ఆటను మనం గెలిచామనీ ఓడిన ఆటను వాళ్లు ఓడారనీ చెప్పే మొగ్గు వారిలో కనిపించిందని తేలింది. భక్తుడు కోరేది ఆరాధ్యుడి విజయం కాదు, ఆ విజయంలో తన వాటా. చొక్కా కాల్చడం వాటా అందనివాడి ఫిర్యాదు, చొక్కా కొనడం వాటా కోసం పెట్టిన దరఖాస్తు, రెండింటి కింద సంతకం మాత్రం ఒకరిదే. 2016 జూన్ 22న, నాలుగు లక్షలు కూడా నిండని జనాభా ఉన్న క్లీవ్‌లాండ్‌లో విజయయాత్ర చూడడానికి 13 లక్షలమంది వచ్చారని అంచనా వేశారు. బంతిని ఒక్కసారైనా తాకని ఆ 13 లక్షలమందిలో తాము గెలవలేదనుకున్నవారు ఉండరు.

ఫలశ్రుతితో ముగించడం శాస్త్రమర్యాద. ఈ మీమాంసను శ్రద్ధగా చదివిన లెబ్రాన్ భక్తుడికి గర్వం, జోర్డాన్ భక్తుడికి ఆగ్రహం, వారిద్దరిలో ఎవరితోనైనా కాపురం చేస్తున్నవారికి ఓదార్పు కలుగుతాయి. బూట్ల వ్యాపారికి చదవకపోయినా లాభం కలుగుతుంది. బాస్కెట్‌బాల్ ఎన్నడూ చూడనివాడికి మాత్రం ఏ ఫలమూ ప్రత్యేకంగా చెప్పలేదు. సాయంత్రాలు ఖాళీగానూ, బీరువా సగం ఖాళీగానూ ఉన్న మనిషికి శాస్త్రం కొత్తగా ఇవ్వగలిగింది ఏమీ లేదు.