కుదుపులు మ్రింగువాని ఆత్మకథ

నా కారును చూచి వెనుదిరిగి మరల చూడనివారు అరుదు. నన్ను చూచినవారు అంతకంటె అరుదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డునకు దక్షిణముగా, థేమ్సు నది యొడ్డున నున్న ఆబింగ్డన్ పట్టణపు కర్మాగారములో 1967వ సంవత్సరమున నిర్మితమైన ఎం.జి.బి. రోడ్‌స్టరు మాది, ఇద్దరికి మించి చోటు లేనిది, గుడ్డకప్పు గలది, వాన కురిసిన దినమున యజమానికంటె ముందు తాను తడియునది. దాని ముందరి ఎడమ చక్రమునకు లోపలివైపున, అడ్డదూలముపై నాలుగు బోల్టులతో బిగింపబడి, దుమ్మును గ్రీజును ఒడలెల్ల పూసికొని, ఏబదియేండ్లకు పైగా కూర్చున్న షాక్ అబ్జార్బరును నేను. నేటి షాకులు గొట్టములవలె నిటారుగా నిలుచుండును. నేనట్లు గాక అల్యూమినియపు పెట్టెనై, ఆ పెట్టెనుండి చాచిన చేయివలె ఇనుపభుజము గలవాడను. తెలియనివారు నన్ను చూచి ఏదో పంపు అనుకొందురు. ఆ యూహలో కొంత సత్యము లేకపోలేదు.

లోకులు కుదుపును స్ప్రింగు మ్రింగునని తలంతురు. స్ప్రింగు దేనిని మ్రింగదు. మిట్టకు తగిలి చక్రము ఎగసినపుడు ఆ విసురును తనలో దాచుకొని, మరుక్షణమే దానిని విడిచిపెట్టును. విడిచినది బండిని పైకి తన్నును, పైకి పోయినది క్రిందికి దిగును, దిగినది మరల లేచును. ఈ యుయ్యాల తనంతట తాను సద్దుమణగుటకు చాలసేపు పట్టును. దాని నాపువాడను నేను. చక్రము లేచినపుడు నా భుజము లేచును; భుజము తిరిగినపుడు కడుపులోని పిస్టనులు నూనెను సన్నని కవాటముగుండ నెట్టును; ఇరుకున దూరలేక దూరిన నూనె వేడెక్కును; ఆ వేడి నా దేహముగుండ గాలిలో కలియును. రోడ్డుమీది గోతిని గాలిలోని వెచ్చదనముగా మార్చుటయే నా జీవితవ్యాపారము. ఇది చాలదన్నట్లు, నన్ను కల్పించినవారు పొదుపరులగుటచే, చక్రమును పైనుండి పట్టి నిలుపు పని సైతము నా భుజమునకే ఒప్పగించిరి. ఒక్క జీతమునకు రెండు కొలువులు. వెనుకనున్న నా సోదరులకు ఈ బాధ లేదు. అచ్చట ఇరుసును కమాను పట్టీలు మోయుచుండును. పైగా ఆ దేశమునను బండ్లు మీ దేశమందువలెనే ఎడమప్రక్కన నడచుటచే, రోడ్డు అంచునగల గోతులును, కుంగిన కాలువమూతలును నా వంతునకే వచ్చినవి. కుడివైపువాడు నాకంటె సుఖజీవి.

వంశచరిత్ర దీర్ఘముగ చెప్పను. ఎం.జి. యను పేరు ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గ్యారేజెస్ అను సంస్థనుండి వచ్చినది. ఆ పేరుగల బండ్లు 1929లో ఆబింగ్డన్ చేరినవి. సిడ్ ఎనెవర్ అను ఇంజనీరు పర్యవేక్షణమున రూపొందిన మా జాతి 1962లో వెలువడి, 1980లో కర్మాగారము మూతపడువరకు ఐదు లక్షలకు మించి వృద్ధిచెందినది. 1974 చివర అమెరికా నిబంధనలకై నల్లని రబ్బరు బంపర్లు తొడిగి బండి ఎత్తు పెంచినపుడు, నా తమ్ములు మలుపులలో ఒరగుచు మిక్కిలి సిగ్గుపడిరని వినికిడి.

నాకు పట్టిన యవస్థ వేరు. దానికి టైరు కొంత కారణము. టైరునకు వంశగర్వము మెండు. 1887లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై గాలిటైరును కల్పించెనని అది నాకెన్నిసార్లు చెప్పెనో లెక్కలేదు. అంతకు నాలుగు దశాబ్దములకు పూర్వమే థామ్సన్ అనునాతడు అట్టిదానికి పేటెంటు పొందెనని నేను జ్ఞాపకము చేసినచో అలుగును. నేలను తాకునది టైరు, కంటి కగపడునది టైరు, అరిగినచో కొలతకు దొరకునది టైరు. కావున బండిలో ఏ లోపము పొడసూపినను యజమాని చూపు మొదట దానిపైననే వ్రాలును.

మా రెండవ యజమాని ఇట్టివాడే. వైరు చక్రముల పుల్ల నొక్కొక్కదానిని మెరయునట్లు తుడుచును. నా నూనెమూత ఎచ్చటనున్నదో ఎరుగడు. నా సీలు పాతబడి, నూనె బొట్టుబొట్టుగా కారిపోవుచుండగా, ఎడమ టైరు నడకలో బుడబుడమని మ్రోయసాగెను. అతడు టైర్లు మార్చించెను. కొన్ని నెలలకు క్రొత్త టైరును అట్లే మ్రోగెను. చక్రములకు బ్యాలెన్సింగు చేయించెను, స్ప్రింగులు మార్పించెను, మరల టైర్లు కొనెను. ఆ ధనములో నూరవవంతు నా కడుపులో పోసియున్నచో కథ వేరుగానుండెడిది. కాని ఎండిన కడుపుతో నున్నవానికి అరచుటకు శబ్దమెక్కడిది?

తుదకు ఒక పల్లెలోని ముసలి మెకానిక్కు కడకు బండి వచ్చెను. అతడు చక్రము నూడదీయక మునుపే టైరుమీద అరచేయి నిడి, అంధుడు అక్షరములను తడవినట్లు మెల్లగా చుట్టును త్రిప్పెను. నడుమ అరిగినచో గాలి హెచ్చయినదని, రెండంచులును అరిగినచో గాలి చాలలేదని, గాళ్ల యంచు ఈకలవలె పదునుగా తగిలినచో చక్రముల వరుస తప్పినదని అర్థము. ఇచ్చట అట్లుగాక, గుంట తరువాత మిట్ట, మిట్ట తరువాత గుంట; చక్రము నేలను నిలుకడగా పట్టక, గంతులు వేయుచు వచ్చినదనుటకు అంతకంటె సాక్ష్యము వలదు. అతడు ముందరి రేకును బలముగా నొక్కి విడిచెను. బండి మూడుసార్లు ఊగెను. అపుడు వంగి నా వంక చూచెను. నా రోగమును నా శత్రువు వీపుమీద చదివిన ఆ వైద్యుని నే నెన్నటికి మరువను. టైరు మీద నాకుండిన కోపము సైతము ఆనాటితో సగము తీరినది.

నన్ను విప్పుట తేలికపని గాదు. నా భుజమే చక్రమును పట్టియున్నది గనుక, దానిని వదలించిన క్షణమున నొక్కబడియున్న స్ప్రింగు తుపాకిగుండువలె బయటపడగలదు. అందుచే అతడు ముందుగా క్రింది భుజమునకు జాకీ గట్టిగా నానించి, హబ్బు బ్రేకుగొట్టముపై వ్రేలాడకుండ త్రాటితో కట్టి, పిమ్మట నా నాలుగు బోల్టులకు పానా పెట్టెను. అరిగిన నా ఇరుసునకు క్రొత్త బుష్షులు, క్రొత్త సీళ్లు అమరినవి. తాజా నూనె పోయుచు, భుజమును తుదినుండి తుదివరకు పైకిని క్రిందికిని ఆడించి, లోని గాలి బుడగలన్నియు వెలికివచ్చువరకు ఊరకుండలేదు. గాలి మిగిలినచో భుజము కొంతమేర బరువు లేక ఊరక కదలును. మూత తెరచుటకు పూర్వము దాని చుట్టును గుడ్డతో మూడుసార్లు తుడిచెను. ఒక్క ఇసుకరేణువు కవాటము క్రింద చిక్కినచో నా బ్రతుకెల్ల వ్యర్థము. పని యెల్ల ముగిసిన తరువాతనే క్రొత్త టైర్లు తెప్పించి, వాని ప్రక్కన ముద్రించిన నాలుగంకెలను చూచెను: 2316 యని యున్నచో 2016వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున పుట్టినదని భావము. షెడ్డులో విశ్రమించు బండ్ల టైర్లు అరిగి చావవు, పగిలి చచ్చును. వానికి గాళ్ల లోతుకంటె వయస్సు ముఖ్యము.

ఇప్పటి యజమాని మూడవవాడు. నన్ను తీసివేసి గొట్టపు షాకులు బిగింపుమని మిత్రులు పలుమారు బోధించిరి. అవి మంచివే కావచ్చును, స్వప్రయోజనము గలవాడనగుటచే ఆ విషయమున నా తీర్పు చెల్లదు. ఆతడు ఒప్పుకొనలేదు. 2018 మే మాసమునుండి నలువది యేండ్లు నిండిన మా వంటి బండ్లకు వార్షిక పరీక్ష తప్పనిసరి కాకపోయినను, ఏటేట తానే పరీక్షకు తీసికొనిపోవుచున్నాడు. కింగ్‌పిన్నులకు గ్రీజు తుపాకి పట్టుచున్నాడు. నా మూత విప్పి నూనె చూచుచున్నాడు.

నిన్నటి సాయంకాలము గోతులుగల పల్లెబాటన చాలదూరము తిరిగి యింటికి చేరితిమి. ఆతడు చక్రమును ఎడమకు తిప్పి ఇంజను నార్పి దిగి, మోకాళ్లపై కూర్చుండి, చేయి లోనికి చాచి నా పెట్టెపై నుంచెను. పిమ్మట ప్రక్కకు పోయి కుడివానిని తాకి, మరల నాకడకు వచ్చి తాకెను. ఇద్దరమును సమముగా వెచ్చగానుంటిమి. చేతికంటిన మసిని ప్యాంటునకు తుడుచుకొని ఆతడు లోనికి పోయెను.